కొండకింద చేను గ్రాఫు

వల్లూరు ఆంజినమ్మ అంటే ఇప్పుడు ఊళ్ళో వాళ్ళకు గుర్తొచ్చేది నీలం కోటూ, నెత్తిన టోపీ, పొడుగు కర్రకు తగిలించిన తుడుపుగుడ్డా. సోలార్ ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళ గుంపులో ఆమె ముందు నడుస్తుంది, మిగిలినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెనక వస్తారు. ఈ మనిషే ఒకప్పుడు పట్టుచీరెల అంచులు గీసిందంటే కొత్త కోడళ్ళు నమ్మరు. చీరెలు నేస్తారు గానీ గీస్తారా ఎక్కడైనా అని నవ్వుతారు. నవ్వనీ పాపం, వాళ్ళకు ఊహ తెలిసేసరికే ఆ పని పాతబడిపోయింది.

నిజానికి నేసేముందు గీయాలి. అంచులో హంస పడాలన్నా, మొగ్గ పడాలన్నా ముందు దాన్ని గళ్ళ కాయితం మీద గడి గడిగా నింపాలి. గడి నిండినచోట పడుగు దారం లేస్తుంది, ఖాళీగా ఉన్నచోట లేవదు. ఈ గళ్ళబొమ్మనే నేతగాళ్ళు గ్రాఫ్ అంటారు. గ్రాఫ్ చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం నెత్తిన కూర్చుని ఏ దారం లేవాలో, ఏది పడుకోవాలో చెబుతుంటాయి. కళ్ళు పోయే పని. ఒక్క గడి తప్పిందంటే చీరె పొడవునా హంసలన్నిటికీ ముక్కు వంకర పోతుంది, ఆ చీరె కట్టుకున్నావిడ జన్మలో క్షమించదు.

ఆంజినమ్మ పుట్టింది క్యాతగానచెర్లులో, రైతుల ఇంట్లో. ఎస్సెస్సెల్సీ గట్టెక్కాక వై.ఎన్.హొసకోటలో మేనత్త ఇంట్లో ఉండి, నారాయణప్ప డిజైన్ అంగడిలో గ్రాఫ్ పని నేర్చుకుంది. నారాయణప్పకు చెయ్యి పొదుపు, నోరు ధారాళం. చుట్టుపక్కల ఎవరూ సాహసించనప్పుడే ఆయన బెంగళూరు నుంచి కంప్యూటర్ తెచ్చి, గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ వేయించాడు. పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చున్న మగవాళ్ళు ఆ మౌసును ముట్టుకోవడానికి జంకుతుంటే ఆంజినమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ మళ్ళీ ఇంకెవరికీ దొరకలేదు. వల్లూరు ఆదెప్పతో పెళ్ళయ్యాక కూడా అన్నం క్యారియరు పట్టుకుని పొద్దున బస్సెక్కేది, కలుపుల కాలంలో మాత్రం సెలవు పెట్టి చేలో దిగేది.

ఆదెప్పవాళ్ళ చేను కొండ పక్కన ఉండేది. ఊళ్ళో ప్రతి చేనుకూ ఒక పేరున్నట్టే దీనికీ ఒక పేరు, కొండకింద చేను. వానను నమ్ముకున్న నేల. వేరుశనగ తప్ప ఇంకోటి వేసింది లేదు, వేసిన ప్రతి ఏడూ పండిందీ లేదు. అయినా శ్రావణంలో నాలుగు చినుకులు పడి పూతకొచ్చిందంటే ఆ చేను చూడాలి. ఎర్రమట్టి మీద పచ్చటి సాళ్ళు, ఆకుల అడుగున పసుపు పూలు, పువ్వు వాడాక నేలలోకి దిగే ఊడలు. ఒకనాడు కలుపు తీస్తూ తీస్తూ ఆంజినమ్మ ఒక మొక్కను వేళ్ళతో సహా పెరికి, తడిగుడ్డలో చుట్టి, క్యారియరు సంచిలో పెట్టుకుని హొసకోట బస్సెక్కింది.

నారాయణప్ప దాన్ని చూసి తలపట్టుకున్నాడు. "ఏందిమా ఇది, శెనిక్కాయ చెట్టు. పెండ్లికూతురు కట్టుకునే చీరెకు ఎవురన్నా శెనిక్కాయ ఏసుకుంటారా?" అన్నాడు. అన్నాడే గానీ వద్దనలేదు. ఆమె ఆ మొక్కను కంప్యూటర్ పక్కనే పెట్టుకుని, అది వాడేలోపు అంచు గీసింది. కింద ఎర్రటి నేల, దాని మీద ఆకుల గుంపు, ఆకుల నడుమ జరీతో పూలు, పూలనుంచి నేలలోకి దిగే సన్నని ఊడలు. నేతగాడు మారెప్ప మగ్గం మీద ఆ అంచుతో ఒకే ఒక్క చీరె దిగింది. దాన్ని ధర్మవరం వ్యాపారి పట్టుకుపోయాడు. ఆ చీరె ఎవరు కట్టుకున్నారో, ఏ ఊరి పెళ్ళిలో తిరిగిందో ఆంజినమ్మకు తెలియదు. తెలుసుకోవాలని అప్పట్లో అనిపించనూ లేదు. అంచులు గీసేవాళ్ళు చీరెల వెంట వెళ్ళరు.

తర్వాత కథ పావగడ తాలూకాలో అందరికీ తెలిసిందే. వానలు మొహం చాటేశాయి, బోర్లు ఎండాయి. కొత్త రకం మగ్గాలు, కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చి నారాయణప్ప అంగడి మూతపడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు సోలార్ పార్కు వచ్చింది. కొండకింద చేను పక్కచేలతో కలిసి లీజులోకి పోయింది. పోయిందని అనకూడదేమో, చేను ఉన్నచోటే ఉంది. భూమి పత్రం పహణిలో ఇప్పటికీ ఆదెప్ప పేరే ఉంది. లీజు మీద ఇల్లు గడుస్తోంది, ఆదెప్పకు గేటు కాడ సెక్యూరిటీ పని దొరికింది, ఆంజినమ్మకు కడిగే పని దొరికింది. ఎవరినీ తప్పుపట్టే పనిలేదు. కానీ చేల మధ్య గెనాలు తీసేసి, నేల చదును చేసి, వరసలు వరసలుగా ప్యానెళ్ళు పరిచాక తమ చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకే అంతు చిక్కదు. ఒకచోట నేల కొంచెం పల్లానికి దిగుతుంది, అక్కడ మాత్రం కాలికి తెలుస్తుంది. ఆ పల్లంలో కర్ర పట్టుకుని నడిచేటప్పుడు గుంపులోని కబుర్లు ఆమె చెవికెక్కవు.

ఆ నడకల్లోనే ఆమెకు ఆ వేరుశనగ అంచు మీద మనసు పడింది. అట్లాంటిట్లాంటి మనసు కాదు, తిండి సయించనివ్వని రకం. ఎన్నో అంచులు గీసింది, ఎందరి ఒంటి మీదికో పంపింది, తన గ్రాఫుతో నేసిన చీరె ఒక్కటీ తాను కట్టుకోలేదు. ఇప్పుడు ఒకటి కావాలి. వేరే అంచు వద్దు, కొండకింద చేను అంచే కావాలి. చేనును చూడాలంటే ఇంకెక్కడా చూసే వీల్లేదు కాబట్టి చీరెలోనన్నా చూసుకోవాలి. ఈ సంగతి ఆదెప్పకు చెబితే నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. "పోయి మారెప్పను అడుగు మే, అట్టలు ఉన్నాయేమో" అన్నాడు.

మారెప్ప దగ్గర అట్టలు లేవు. ఎప్పుడో నీళ్ళ పొయ్యిలోకి పోయాయట. "గ్రాఫ్ ఉంటే తెచ్చియ్యిమా, నేసిస్తా" అన్నాడాయన. ప్రింటు తీసిన గ్రాఫు కాయితం ఎలుకల పాలైంది. ఇక మిగిలింది నారాయణప్ప అటకమీది కంప్యూటర్ ఒక్కటే. నారాయణప్ప ముసలివాడైపోయాడు గానీ నోరు అలాగే ఉంది. అటక ఎక్కించి, దుమ్ము దులిపించి, డబ్బా దింపించి, సాఫ్ట్‌వేర్ సీడీనీ, దాని లాక్‌నూ ఆమె చేతిలో పెట్టి, "నాకు మళ్ళీ తెచ్చియ్యల్సిన పన్లేదు. అది తెరుచుకుంటే మటుకు నాకు చెప్పు, నేనూ వచ్చి చూస్తా" అన్నాడు.

లాక్ అంటే తలుపుకు వేసేది కాదు. అగ్గిపెట్టెంత ఉంటుంది, కంప్యూటర్ వెనక ప్రింటర్ తీగ గుచ్చేచోట దీన్ని గుచ్చాలి. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ నోరు తెరుస్తుంది, లేకపోతే కొన్నవాణ్ణి కూడా దొంగ కిందే లెక్కగడుతుంది. ఒక్క సాఫ్ట్‌వేర్‌ను పదిమంది కాపీ చేసుకుని వాడకుండా కంపెనీవాళ్ళు చేసిన ఏర్పాటు అది. ఆ రోజుల్లో నారాయణప్ప అంగడిలో కంప్యూటర్ కంటే ఆ లాక్‌కే ఎక్కువ మర్యాద. సాయంత్రం అంగడి మూసేటప్పుడు ఆయన దాన్ని పీకి, బనీను జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయేవాడు.

ఆంజినమ్మ ఆ డబ్బాను ఆటోలో వేసుకుని పావగడలో ఓబులేష్ దగ్గరికి వెళ్ళింది. శనిమహాత్మ గుడి దారిలో కంప్యూటర్ రిపేరు అంగడి అతనిది. పాత వస్తువులంటే ప్రాణం, ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాని కంప్యూటర్లన్నీ అతని వెనకగదిలో సంసారం చేస్తుంటాయి. అటకమీది డబ్బాను విప్పి చూసి పెదవి విరిచాడు. లోపలి బోర్డు ఉబ్బిపోయి పనికిరాకుండా పోయింది. కానీ హార్డ్‌డిస్కు బతికే ఉంది. దాన్ని తీసి తన కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్ళ పేర్లు వరసగా వచ్చాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో పేరు ఎనిమిది అక్షరాలకు మించి పట్టేది కాదు. కొండకింద చేను అని ఇంగ్లీషులో కొట్టబోయి కొండకిన్ దగ్గరే ఆగిపోయిన ఫైలు అందులో ఉంది. సగం పేరైనా ఆంజినమ్మ గుర్తుపట్టింది.

"అదే అప్పా. అదే మా చేను" అంది.

"ఫైల్ ఉండాది అక్కా. దీన్ని తెరిచేది ఆ సాఫ్ట్‌వేరే, ఇంకోటి తెరవదు" అన్నాడు ఓబులేష్. తన కొత్త ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టాడు. ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లో నడవదు అని అది తేల్చి చెప్పేసింది. పాత పద్ధతిలో నడిపించి చూశాడు, అడుగు పెట్టి మళ్ళీ వెనక్కి వచ్చేసింది. పైగా కొత్త వాటికి లాక్ గుచ్చే రంధ్రమే ఉండదు. అడాప్టరు తీగ ఒకటి తెప్పించి దాని చివర లాక్ గుచ్చాడు. ఆ తీగ ప్రింటర్‌తో మాట్లాడుతుంది గానీ లాక్‌తో మాట్లాడదట. ఓబులేష్ మర్యాదస్థుడు కాబట్టి సరిపోయింది, అతని బదులు ఆంజినమ్మ అయితే ఆ తీగను రోడ్డు మీద విసిరేసేది.

ఆ తర్వాతి సెలవు రోజున ఆమె వెళ్ళేసరికి ఓబులేష్ వెనకగదిలోంచి ఒక పాత కంప్యూటర్‌ను లేపి కూర్చోబెట్టాడు. ప్రింటర్ రంధ్రం ఉన్న రకం, నారాయణప్ప హార్డ్‌డిస్కును దానికే తగిలించాడు. సీడీ గీతలు పడి ఉంది, తుడిచి తుడిచి బతిమాలితే సాఫ్ట్‌వేర్ ఎలాగో ఎక్కింది. లాక్ గుచ్చారు. సాఫ్ట్‌వేర్ గుర్తు మీద నొక్కారు. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. సెక్యూరిటీ కీ నాట్ ఫౌండ్.

"లాక్ పెట్టినాం కదప్పా" అంది ఆంజినమ్మ.

"దానికి కనబళ్ళేదంట" అన్నాడు ఓబులేష్.

లాక్‌ను గుర్తుపట్టే డ్రైవర్‌ను తీసేసి మళ్ళీ వేశాడు. కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ లేపి, లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ రంధ్రాన్ని పాత పద్ధతికి మార్చాడు. ఎన్నిసార్లు చేసినా అదే పెట్టె, అదే మాట. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఆ నంబరు ఇప్పుడు ఎవరిదో హోటలుకు పోతోంది. చివరకు ఓబులేష్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"లాక్ చచ్చిపోయింటే ఇంగ ఏం చేసేకి లేదక్కా. ఇంటర్నెట్లో లాక్ లేకుండా నడిపే దొంగ ఫైల్ యాడో దొరుకుతాది. అది ఏస్తే ఉన్న డిస్కు కూడా పాడైపోతుందేమోనని నా భయం."

"అది మటుకు వద్దప్పా. డిస్కు పోతే నాకు ఇంగేం మిగల్దు" అంది ఆంజినమ్మ. లాక్‌ను పీకి అరచేతిలో పెట్టుకుని, ఆశ వదిలేసుకున్న వస్తువును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. కొంచెంసేపటికి తన వేళ్ళు చూసుకుంది. వేళ్ళకు ఎర్రగా అంటింది. వాసన చూసింది. కుంకుమ.

అప్పుడు గుర్తొచ్చి ఆమెకు నవ్వాగలేదు. ఆయుధపూజ నాడు కన్నడ దేశంలో దేన్ని వదులుతారు గనక. కత్తికీ, కొడవలికీ, బస్సుకీ, కుట్టుమిషనుకీ అన్నిటికీ బొట్టే. నారాయణప్ప అంగడిలో కంప్యూటర్‌కు చిన్న బొట్టు పెట్టి, లాక్‌కు మాత్రం పసుపు తడిపి రాసి, దాని మీద కుంకుమ దిద్ది, ఒక పువ్వు కూడా పెట్టేవాడు. ఏటేటా భక్తి కొద్దీ పూసిన పసుపూ కుంకుమా కాస్తా పిన్నుల సందుల్లోకి దిగి గట్టిపడ్డాయి. అంగడి మూసిన తర్వాత కూడా అటక మీద ఆ పూజ ఆగినట్టు లేదు, పై పొర చూస్తే నిన్నమొన్నటి దానిలాగే ఉంది. దొంగల నుంచి కాపాడమని దేవుణ్ణి అడిగితే దేవుడు దాన్ని సొంతవాళ్ళ నుంచి కూడా కాపాడేశాడు.

ఓబులేష్ కూడా నవ్వాడు. నవ్వి, స్పిరిటూ పాత పళ్ళబ్రష్షూ తెచ్చాడు. ఆంజినమ్మ ఆ బ్రష్షు అతని చేతిలోంచి తీసుకుంది. మరకలు కడగడం ఆమెకు రోజూ ఉండే పనే. పిన్ను పిన్నుకూ చుట్టూ నెమ్మదిగా రుద్ది, దూదితో ఒత్తి, ఎండలో ఆరబెట్టింది. ఎక్కడా గీత పడకుండా చూసుకుంది. పసుపు నీళ్ళు కారుతుంటే, ఎవరి ఇంటి దేవుడికో అభిషేకం చేస్తున్నట్టుందక్కా అన్నాడు ఓబులేష్.

ఆరాక గుచ్చారు. ఈసారి పెట్టెలో మాట మారింది. లాక్ కనబడిందట గానీ తేదీ తప్పుగా ఉందట. చూస్తే కంప్యూటర్‌లో గడియారం నడిపే చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, తేదీ వెనక్కి వెనక్కి పోయి ఎక్కడో రెండువేల మూడులో నిలబడి ఉంది.

"జనవరి ఒకటి, రెండువేల మూడు" అని చదివాడు ఓబులేష్.

ఆంజినమ్మ ఆ అంకెల వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పటికి కొండకింద చేలో వేరుశనగ పీకేసి ఉంటారు, చెట్లు కుప్పేసి ఉంటారు, ఇంట్లో కాయలు వలిచే చప్పుడు వినబడుతుంటుంది. అత్త బతికే ఉంది. ఆదెప్ప మీసాలు నల్లగా ఉన్నాయి. తలుపు తీసి బయటికి వెళ్తే ఆ ఏడాదే ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

"ఆ తేదీ అట్లే ఉంటే నడవదా?" అని అడిగింది.

"నడవదక్కా. దీన్ని ఆఖరుగా వాడిన తేదీ లాక్‌లో రాసి పెట్టుకుంటాది. దానికంటే వెనక్కి పోతే, గడువు మోసం చేసేకి ఎవురో తేదీ వెనక్కి తిప్పినారు అనుకుంటాది. వెనక్కి పోయినోళ్ళని అది దొంగలనుకుంటాది."

"సరే, మార్చు" అంది ఆంజినమ్మ. అతను తేదీని ఇవ్వాళ్టికి తెచ్చాడు. ఎండాకాలం, ఆదివారం, ప్యానెళ్ళ కింద చేను.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఆ బూడిదరంగు తెర, ఎడమవైపు రంగుల వరస, మూలన చిన్న గళ్ళ గుర్తు అన్నీ ఆమె వదిలిన చోటే ఉన్నాయి. ఓబులేష్ లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. ఆంజినమ్మ చెయ్యి చీరెకు తుడుచుకుని మౌసు పట్టుకుంది. కొండకిన్ మీద నొక్కింది.

అడుగు నుంచి పైకి, ఒక్కో వరసా నింపుకుంటూ బొమ్మ రావడం ఆ సాఫ్ట్‌వేర్ అలవాటు. ముందు ఎర్రటి నేల వచ్చింది. తాను పెట్టిన ఎరుపే, తాను పెట్టిన మందమే. నేల మీద ఆకుపచ్చ మొదలైంది. ఆ పైన జరీ వచ్చింది, వంకర తిరిగింది, గుండ్రమై కిందికి వాలింది. ఆ పక్కన ఇంకోటి, ఇంకోటి. అంచు పొడవునా మామిడిపిందెలు.

"ఇదేనా అక్కా?" అన్నాడు ఓబులేష్ ఉత్సాహంగా.

"ఇది మామిడి" అంది ఆంజినమ్మ.

ఇంకో ఫైలేమో అని అతను వెతికాడు. ఆ పేరుతో అదొక్కటే ఉంది. ఆమెకు మెల్లగా అంతా గుర్తుకొచ్చింది. ధర్మవరం వ్యాపారి ఆ ఒక్క చీరెనూ అమ్మి, వేరుశనగ వద్దు, నేల బాగుంది, దాని మీద మామిడి వేసివ్వండి అన్నాడు. అంగడిలో పద్ధతి ఒకటుండేది. డిస్కు చిన్నది, నిండిపోతే ఇంకోటి కొనాలి, కొనడం నారాయణప్పకు ఇష్టముండదు. అందుకని ఏ డిజైన్ మార్చినా కొత్త ఫైలు వద్దు, పాతదాని మీదే సేవ్ చెయ్యమనేవాడు. ఎందరి పువ్వుల మీదో ఎందరి హంసల మీదో అలా కొత్తవి ఎక్కించింది ఆంజినమ్మ. ఆ రోజు కూడా కూర్చుని, వేరుశనగ ఆకు ఆకునూ చెరిపేసి, మామిడిపిందెలు గీసి, పాతదాని మీదే సేవ్ చేసి, బస్సుకు టైమవుతోందని లేచిపోయింది. ఒక్క క్షణం కూడా చెయ్యి ఆగలేదు. ఆ మామిడి అంచు తర్వాత ఏళ్ళ తరబడి నడిచింది, మంచి పేరు తెచ్చింది. దాని కింద ఏముందో ఆమె కూడా మరిచిపోయింది.

ఓబులేష్ చెరిగిపోయిన ఫైళ్ళు తవ్వితీసే ప్రోగ్రాములు రెండు మూడు నడిపి చూశాడు. ఏవో పాత బిల్లులు వచ్చాయి, ఎవరిదో గృహప్రవేశం కార్డు వచ్చింది. వేరుశనగ రాలేదు. అతను తన తప్పేదో ఉన్నట్టు తల దించుకున్నాడు.

"నువ్వేం చేస్తావప్పా. నేనే చెరిపినా" అంది ఆంజినమ్మ. కాసేపటికి మళ్ళీ అంది. "అప్పుడు చేను ఉండె కదా. కావల్లంటే పోయి చూసొచ్చి ఇంగోటి గీస్తా అనుకుంటి. చేన్ను కూడా కాపీ తీసి దాచిపెట్టుకోవల్లని ఎవురికి తోస్తాది."

ఏడుస్తుందేమో అని ఓబులేష్ టీ తెప్పించాడు. ఆమె ఏడవలేదు, టీ తాగింది. తాగి గ్లాసు పక్కన పెట్టి, కొత్త పేజీ తెరిచింది. నేల గీసింది. దాని మీద ఆకు మొదలుపెట్టింది. వేరుశనగ రెక్కకు నాలుగాకులు, రెండు రెండుగా ఎదురెదురుగా ఉంటాయి. అది చెయ్యి తనంతట తానే వేసేసింది. ఒక రెక్క, రెండు రెక్కలు, కాడ, కొమ్మ. ఇంకేముంది, వచ్చేసినట్టే అనుకుంది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పసుపని తెలుసు. ఆకుల అడుగున అని తెలుసు. ఆ తర్వాత పువ్వు బదులు ఏదో పసుపు చుక్క మాత్రమే పడుతోంది. రెండుసార్లు చెరిపింది. మూడోసారి చెరిపి ఆదెప్పకు ఫోన్ చేసింది. అతను గేటు కాడ డ్యూటీలో ఉన్నాడు.

"ఏమే, తెరుచుకున్యాదా?" అన్నాడు అతను ఎత్తీ ఎత్తగానే.

ఆమె పువ్వు సంగతే అడిగింది. "ఏమప్పో, శెనిక్కాయ పువ్వు యాడొస్తాది చెప్పు. కొమ్మ కొసనా, ఆకు సంకలోనా?"

"ఆకు సంకలో. కిందికి."

"కాడ ఎంత ఉంటాది? పువ్వు పైకి చూస్తాదా, పక్కకు చూస్తాదా? దాని మీద గీతలు ఉంటాయి కదా, అవి ఎరుపా?"

అవతల గాలి చప్పుడు వినబడుతోంది. చివరకు ఆదెప్ప గొంతు సన్నగా వచ్చింది. "ఎన్ని ఏండ్లు దాంట్లో పడి లేసినాం మే. కండ్లు మూసుకుంటే చేనంతా పచ్చగా కనబడ్తాది. ఒక్క పువ్వు చూడల్లంటే కనబళ్ళే."

"నాకూ అంతే" అంది ఆంజినమ్మ. అప్పుడు మాత్రం ఆమె కళ్ళు నిండాయి.

"రొళ్ళ ఊరి దిక్కు శెనిక్కాయ ఇంగా ఏస్తాండారంట" అన్నాడు ఆదెప్ప. "వానొచ్చి వాళ్ళు ఇత్తనం ఏస్తే, పూత టయానికి పోదాం. తెల్లారకుండానే పోవల్ల. పొద్దెక్కితే వాడిపోతాది."

"అది మటుకు గుర్తుండాదే నీకు."

"అదొక్కటే ఉండాది."

ఆమె ఫోన్ పెట్టేసి, గీసినంతవరకు సేవ్ చేయమంది. పాతదాని మీదా, కొత్త పేరుతోనా అని అడిగాడు ఓబులేష్. కొత్త పేరు పెట్టమంది, ఆ మామిడిని కూడా ఉండనిమ్మంది, అదీ తాను గీసిందే కదా అంది. లాక్‌ను అతని దగ్గరే ఉంచి, బొట్టు పెట్టొద్దని గట్టిగా చెప్పి బయటికి వచ్చింది. నారాయణప్పకు ఏమని చెప్పాలో మాత్రం ఆమెకు తోచలేదు.

బస్టాండులో నిలబడితే పడమర దిక్కున చిన్న మబ్బు కనబడింది. కొన్నేళ్ళుగా మబ్బు కనబడితే ఆంజినమ్మ విసుక్కునేది. వాన పడితే ప్యానెళ్ళు వాటంతటవే కడుక్కుంటాయి, ఆ రోజుకు పని ఉండదు, కూలి రాదు. లీజు వానతో నిమిత్తం లేకుండా వస్తుంది కాబట్టి వల్లూరులో ఆకాశం వైపు చూసేవాళ్ళే తగ్గిపోయారు. వల్లూరు బస్సు వచ్చి, ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ మబ్బునే చూస్తోంది, అది కొండ దాటి ఇటు వస్తుందా, గాలికి చెదిరిపోతుందా అని. పువ్వు ఎలా ఉంటుందో మరిచిపోయింది గానీ, వాన కోసం ఎలా ఎదురుచూడాలో మరిచిపోలేదు.